కోడిగుడ్డు కట్టు

కెర్కెన్నా దీవి,
అక్టోబరు.

ప్రియమైన దలెందాకు,

కోపంతో ఉన్నావని తెలుసు. ఈ ఉత్తరం నేరుగా నీ చేతికొస్తే చించేస్తావేమోనని స్ఫాక్స్‌లో ఉన్న మీ అన్న ముఖ్తార్ చేతికే ఇవ్వమని ఫెర్రీలో టిక్కెట్లు కోసే షాద్లీతో పంపుతున్నాను. చించే ముందు ఒక్కసారి చదువు. ఇది నా గురించి కాదు, నీ కుక్క బసీసా గురించి.

నువ్వు స్ఫాక్స్ ఫెర్రీ ఎక్కిన రోజు, మీ అన్న ఇంటికి దాన్నెలా తీసుకుపోతానంటూ పెరట్లో కట్టేయమన్నావు. కట్టేశాను. అది తాడు కొరికేసి నీ వెనకాలే రేవు దాకా పరుగెత్తింది. నువ్వు అప్పటికే పైకెక్కి అవతలి వైపు సముద్రాన్ని చూస్తూ కూర్చున్నావు. చేపల వ్యాను ఒకటి వెనక్కి వస్తోంది. గుప్పెడు కుక్క, ఆ డ్రైవరుకేం కనపడుతుంది? వెనక కాళ్లు రెండూ చక్రం కింద పడ్డాయి. ఫెర్రీ కదిలిపోతోంది. నేను చేతులూపుతూ నీ పేరు పెట్టి అరిచాను. బతిమాలుతున్నాననుకుని ఉంటావు, తల తిప్పలేదు.

మన గొడవ కూడా దీని గురించే కదా. వానలో తడుస్తోంది, లోపలికి తెచ్చుకుంటానన్నావు. కుక్క ఉన్న ఇంట్లోకి దేవదూతలు రారు, అది గడప దాటితే నేను ఇంట్లో ఉండనన్నాను. "నువ్వెందుకు పోతావు, నేనే పోతా" అని సంచి సర్దుకున్నావు. కుక్క కోసం కాపురం వదిలిపోయిన ఆడదాన్ని ఈ దీవిలో ఎవరూ చూసి ఉండరు. ఇప్పుడది ఎక్కడ పడుకుందో తెలుసా? లోపల, నా పరుపు పక్కన, నా పాత ఉన్ని కోటు మీద. దేవదూతలతో నేను మాట్లాడుకుంటాను.

ఎముకలు కట్టే జాజియా పెద్దమ్మను పిలిచాను. గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా చెయ్యి మనుషుల కోసం రా ఫెర్జానీ. మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన చెయ్యి. కుక్కని ముట్టుకుందని తెలిస్తే రేపు ఏ తల్లి పిల్లాడి కాలు నాకిస్తుంది?"

"పోయినేడు గాడిద కాలు కట్టలేదా?"

"గాడిద బరువు మోస్తుంది. ఇదేం మోస్తుంది?"

"దలెందా కోపం మోస్తోంది పెద్దమ్మా, చూడు."

పళ్లు లేని నోటితో నవ్వేసి, కొంగు నడుముకు చుట్టుకుని కూర్చుంది. కోడిగుడ్డు తెల్లసొన నేనే వేరు చేశాను, పిండి నేనే కలిపాను. సముద్రంలో పాతే చేపల కంచెకని కోసి ఉంచిన ఖర్జూరపు మట్టల్ని సన్నగా చీల్చి ఇచ్చాను. గుడ్డ తడిపి కట్టింది. బసీసా నా బొటనవేలు కొరికింది కానీ గట్టిగా కాదు, పాపం.

పొద్దున లేచి చూద్దును కదా, కట్టు లేదు. తినేసింది! గుడ్డూ, గోధుమపిండీ. మనకది వైద్యం, దానికది నాస్తా. పెద్దమ్మ మళ్లీ వచ్చి కట్టింది. ఈసారి దాని మీద హరీసా కారం దిట్టంగా పూశాను. మన దేశపు కుక్క కదా, అదీ నాకేసి, ఇంకా ఉందా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దానికి నొప్పిగా ఉంది దలెందా. నువ్వు వస్తే తగ్గుతుందని నేననడం లేదు. వస్తే బావుంటుందని మాత్రం అంటున్నాను.

రేవు వైపు చూస్తూ,
ఫెర్జాని


కెర్కెన్నా,
నవంబరు.

దలెందా,

నువ్వు పంపిన పొట్లం అందింది. దూది, పసుపురంగు పొడి, మెత్తని గుడ్డ పీలికలు. దులిపి చూశాను, తిప్పి చూశాను, పీలికలన్నీ విప్పి చూశాను. నాకొక్క ముక్క లేదు. పోనీలే. పొట్లం కట్టిన చెయ్యి నీదే అని ముడి చూసి గుర్తుపట్టాను. నాకది చాలు.

ఇప్పుడు మన ఇంటి సంగతులు విను. కట్టు తినకుండా ఉండాలంటే చేదు పూయాలట, పిల్లలకు పాలు మాన్పించడానికి తల్లులు రాసుకునే ఆ నల్లటి కలబంద చేదు. పొరుగింటి లామీన్ పెళ్లాన్ని అడిగాను. కిటికీలోంచి ఇస్తూ, "ఎవరికి మాన్పిస్తున్నావు మావా పాలు?" అంది. లోపల్నించి లామీన్ గొంతు: "పెళ్లాన్ని పుట్టింటికి తోలేసి కుక్కకి పురుడు పోస్తున్నాడే! పేరు పెట్టే రోజు మనకీ భోజనానికి చెప్తాడు, ఉండు." వీధి వీధంతా నవ్వింది. నవ్వనీ. చేదు పూశాక బసీసా కట్టు జోలికి పోలేదు. కానీ నా మొహం చూడ్డం కూడా మానేసింది ఒక పూటంతా.

ఈసారి గట్టిగా కట్టమని పెద్దమ్మకు నేనే చెప్పాను. "ఇంకా బిగించు, ఇంకా" అని పక్కన కూర్చుని మరీ చెప్పాను. మళ్లీ ఊడిపోతే ఎముక ఎప్పటికి అతుక్కుంటుంది?

నేను సముద్రం మీదికి పోవడం మానేశాను. ఆక్టోపస్‌లు పట్టే కుండలు ఒడ్డునే బోర్లించి ఉన్నాయి. సీజను నడుస్తోంది, అందరి దండేల మీదా ఆక్టోపస్‌లు ఆరుతున్నాయి, మన దండెం మీద కుక్క గుడ్డలు ఆరుతున్నాయి. చేప ఉడకబెట్టి, ముల్లు ఒక్కటి లేకుండా వేళ్లతో తీసి, ముద్ద చేసి నోట్లో పెడుతున్నాను. నీళ్లు గిన్నెలో పోస్తే తాగదు, నా అరచేతిలో పోస్తే తాగుతుంది. బయటికి పోవాలంటే పొట్ట కింద నా తలగుడ్డ వేసి ఎత్తి పట్టుకుని పెరట్లో తిప్పాలి. అది ముందు కాళ్లతో నడుస్తుంది, నేను వెనక కాళ్లయి నడుస్తాను. నడుము పడిపోతోంది. మూలిగితే లేస్తాను, ఏం కావాలని అడుగుతాను, అది చెప్పలేదు కాబట్టి నేనే ఊహించుకోవాలి. ఊహించడం వచ్చేసింది. ఆకలి మూలుగు వేరు, నొప్పి మూలుగు వేరు, ఊరికే మనిషి కోసం మూలిగే మూలుగు వేరు.

చూశావా, నీ మొగుడు ఇన్ని పనులు చేయగలడని నువ్వెప్పుడైనా అనుకున్నావా? రొట్టె కూడా నేనే కాలుస్తున్నాను. మాడుతోంది కానీ తింటున్నాం ఇద్దరం. నువ్వొచ్చి చూస్తే నీ కళ్లను నువ్వే నమ్మవు.

ఒక్క సంగతి మాత్రం మనసులో పీకుతోంది. దాని ఎడమ పాదం చల్లగా తగులుతోంది. చలికాలం వస్తోంది కదా అని నిప్పుల కుంపటి పక్కన పడుకోబెడుతున్నాను.

నీ కుక్కకు సేవకుడు,
ఫెర్జాని


కెర్కెన్నా,
నవంబరు ఆఖరు.

దలెందా,

చలి వల్ల కాదు ఆ పాదం చల్లబడింది.

వాసన వచ్చింది. ముందు కుంపటి పక్కన పెట్టిన చేపేమో అనుకున్నాను. కట్టు విప్పితే పాదం నల్లగా ఉంది, చెప్పు తోలులాగా. నొక్కితే దానికి తెలియలేదు. అన్నాళ్లూ మూలిగింది, ఒక రెండు రోజులుగా మూలగడం మానేస్తే తగ్గుముఖం పట్టిందని సంతోషించాను. అంత తెలివైనవాణ్ని నేను. పెద్దమ్మ చూసి తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. "నువ్వు బిగించమన్నావని బిగించాను గానీ, నోరున్న మనిషైతే తిమ్మిరెక్కుతోందని చెప్పేవాడు రా. దీనికి నోరేదీ?" అంది. ఆమెను అనడానికి నాకేం హక్కుంది?

గొర్రెలకు టీకాలు వేయడానికి స్ఫాక్స్ నుంచి పశువుల డాక్టరు వచ్చి ఉన్నాడు. కోటులో చుట్టుకుని ఎత్తుకుపోయాను. గొర్రెలవాళ్లందరూ చూస్తుండగా ఆ కాలు మోకాలి దాకా తీసేశాడు. తల నేనే పట్టుకున్నాను. రెండో కాలు అతుక్కుంది గానీ వంకరగా, పక్కకు తిరిగి అతుక్కుంది. దాని మీద నిలబడలేదట. ఇక ఎప్పటికీ నడవదు అన్నాడు. సూది వేసేస్తాను, నొప్పి లేకుండా పోతుంది, నీకూ శ్రమ తప్పుతుంది అన్నాడు. మంచివాడే, మెల్లగానే చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో అక్కడున్నవాళ్లకు చెప్పలేదు గానీ నీకు చెబుతాను. అది పోతే నీకు రాయడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

ఇల్లు బావులేదు దలెందా. బయట గాలి, లోపల మందు వాసన. బసీసా తలుపు వైపు మొహం పెట్టి పడుకుంటుంది. ఎవరి అడుగు చప్పుడైనా చెవులు లేపుతుంది, మళ్లీ దించుతుంది. నేనూ అంతే. మేమిద్దరం బాగుపడే రకం కాదని నాకు తెలిసిపోయింది.

నా మీద కోపం ఉంటే ఉండనీ. దాని కోసమైనా రా. రాలేకపోతే చెప్పు, బుట్టలో పెట్టుకుని నేనే ఫెర్రీలో తెచ్చి నీ ఒళ్లో పెడతాను. గుమ్మంలో నిలబడి తిరిగి వచ్చేస్తాను. ఏదో ఒకటి రాయి. తిట్టైనా రాయి.

నీ
ఫెర్జాని


స్ఫాక్స్,
డిసెంబరు.

ఫెర్జానికి,

నీ ఉత్తరాలు మూడూ అందాయి. తిట్టైనా రాయమన్నావు. తిట్టు కాదు, ఉన్నది రాస్తాను.

నీ మొదటి ఉత్తరం చదివి గుక్క పట్టి ఏడ్చాను. మా వదిన కంగారుపడి, మీ ఆయన పోయాడా అని అడిగింది. అప్పటికి నేను తెచ్చుకున్న సంచి ఇంకా విప్పను కూడా లేదు. కోపం చల్లారాక వెళ్లిపోయేదాన్నే కదా అని మూలన అలాగే పెట్టాను. ఆ మధ్యాహ్నమే దూదీ మందూ కట్టి షాద్లీకి ఇచ్చాను. అందులో ముక్క రాయలేదని బాధపడ్డావు. ఆ శుక్రవారం నేనే వచ్చేద్దామనుకున్నాను కాబట్టి రాయలేదు.

దానికి ముందురోజే, గురువారం, నీ రెండో ఉత్తరం వచ్చింది. అది చదివి సంచి విప్పాను. బట్టలు మా వదిన బీరువాలో సర్దాను.

మన గొడవ కుక్క గురించని నువ్వింకా అనుకుంటున్నావు. అనుకో. నేనూ అలాగే అనుకున్నాను, నీ ఉత్తరం చదివేదాకా.

మూడేళ్ల కిందట ఆక్టోపస్‌లు బండ మీద బాది మెత్తబరుస్తూ, నాచు మీద జారిపడితే నా కుడి మణికట్టు విరిగింది. ఇదే జాజియా పెద్దమ్మ కట్టింది. ఇదే గుడ్డు, ఇదే పిండి. సొన వేరు చేసింది నేను, ఎడమ చేత్తో. నువ్వు గుమ్మంలో నిలబడి, "మరి ఇవాళ రొట్టె ఎలాగ?" అన్నావు. పెద్దమ్మ నీ మొహం చూసి తల దించుకుంది. గిన్నె మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఒంటి చేత్తో పిండి కలిపాను. కాల్చి పెట్టాను. తిన్నావు. ఉప్పు తక్కువైందన్నావు. ఆ కట్టు ఉన్నన్నాళ్లూ నేను ఎన్నిసార్లు మూలిగానో నీకు గుర్తుందా? పక్కనే పడుకున్నావు. ఏం కావాలని ఒక్కసారి అడగలేదు.

నాకు అప్పుడు నీ మీద కోపం రాలేదు. ఒట్టు. పాపం, మగాడు, ఎవరూ నేర్పలేదు, చేతకాదు అనుకున్నాను. మీ అమ్మను తిట్టుకున్నాను గానీ నిన్ను కాదు. జ్వరమొచ్చినా, గర్భం పోయినా, చెయ్యి విరిగినా, నీళ్లు అందించే మనిషి లేకపోయినా, ఆయనకు తెలియదులే అనుకునేదాన్ని. ముప్పై ఏళ్లూ ఆ ఒక్క మాట మీద కాపురం చేశాను ఫెర్జానీ. ఇంకేమీ లేదు నా దగ్గర, ఆ మాట తప్ప.

ఇప్పుడు నువ్వే పేజీలకు పేజీలు రాశావు. ముల్లు తీసి ముద్ద పెట్టడం వచ్చని. అరచేతిలో నీళ్లు పట్టడం వచ్చని. ఆకలి మూలుగేదో నొప్పి మూలుగేదో తెలుస్తుందని. నీ మొగుణ్ని చూడమని గొప్పగా రాశావు. చూశాను. నీకు అన్నీ వచ్చు. నాకు చెయ్యలేదు, అంతే.

మళ్లీ మళ్లీ చదివాను, ఎక్కడైనా వేరే అర్థం దొరుకుతుందేమోనని. దొరకలేదు. నన్ను వెనక్కి రప్పించాలని నువ్వు ఆ రెండో ఉత్తరం రాయకుండా ఉంటే, నేను ఈపాటికి మన పొయ్యి ముందు కూర్చుని ఉండేదాన్ని. నేను తిరిగి రాను. కబురు పంపకు, పెద్దల్ని పంపకు.

బసీసాను బుట్టలో తెస్తానన్నావు. తేవద్దు. నాకు దాన్ని చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది, అయినా తేవద్దు. అది ఇప్పుడు నీ చేతికి అలవాటు పడింది. మిగిలిన కాలికి పుండు పడకుండా రోజూ పక్కకు తిప్పి పడుకోబెట్టు. తడి తగలనీయకు. ఆ సూది మాత్రం వేయించకు. నాకు ఉత్తరాలు రాయడానికి కాదు, దాని కోసమే బతకనీ.

నీకూ దానికీ మధ్య వెనకటి రోజులేవీ లేవు. గడప బయట తడిసిన సంగతి కూడా మరిచిపోయే ఉంటుంది. అది నిన్ను ఈ మధ్యనే ఎరుగును, దానికి తెలిసినంతలో నువ్వు చాలా మంచివాడివి. దాని దగ్గరైనా అలాగే ఉండు.

దలెందా