పిల్లలొక పేజీలో, తల్లులొక పేజీలో

మూడో తేదీ

చిరంజీవి చిట్టికి పిన్ని దీవెనలు.

ఇక్కడ నేను కులాసా. నువ్వు, కోడలు పిల్ల బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేసి అడగొచ్చుగా అంటావు. నా ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి దానికి నచ్చినవే వింటోంది. కిందటిసారి నువ్వు "మౌస్ కదుపు" అంటే "మంచం కదుపు" అని వినపడి నడుం పట్టేసింది. అందుకే ఉత్తరం.

విషయం ఏమిటంటే, నేను ముప్పై ఆరేళ్లు నర్సుగా చేసిన ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఎత్తేస్తారట. ఏడాదికి పైగా అక్కడ ఒక్క కాన్పు కూడా జరగలేదని పై ఆఫీసు కాగితం పంపింది. మొన్న మంగళవారం అక్కడ పుట్టిన కవలల్ని చూసి వచ్చినదాన్ని నేను. వాళ్లు లేరంటే ఎలా నమ్మేది? వార్డు పోతే నొప్పులొచ్చిన పిల్ల రెండున్నర గంటలు బస్సులో కూర్చోవాలి. ఇరవై ఏడున విచారణ. అందరి తరఫునా నన్ను మాట్లాడమన్నారు.

నువ్విచ్చిన కంప్యూటర్లో మూడు తయారుచేశాను. ఒకటి అర్జీ, మూడు పేజీలు. రెండోది గళ్ల పట్టిక. నా చేతుల మీదుగా పుట్టిన రెండువేల నూట పద్నాలుగు మంది అందులో ఉన్నారు, తల్లులతో సహా. మూడోది ఫొటోలు. ఇవన్నీ కాగితం మీదికి రావాలి.

అర్జీ తెరిచి ప్రింట్ నొక్కాను. ఎక్కడ దాచమంటావని అడిగింది. నాకిమ్మంటే దాస్తానంటుందేమిటని విసుక్కుని ఏదో పేరు రాశాను. ఏమీ రాలేదు. పదకొండుసార్లు నొక్కాను. ప్రింటర్ కనీసం మూలగనైనా మూలగలేదు. తొలి కాన్పు ఆలస్యమవుతుందని తెలిసినదాన్ని కాబట్టి రెండు గంటలు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కంప్యూటర్ల వాడకం మీద పుస్తకాలు రాసే ఉద్యోగం కదా నీది. నాకూ అర్థమయ్యేలా రాయి.

నీ పిన్ని

తా.క.: ప్రింటర్ లోపలికి టార్చి వేసి చూశాను. కాగితం తల కిందికే ఉంది. ఆపరేషన్ అవసరం రాదనుకుంటాను.

*

ఏడో తేదీ

పిన్నికి నమస్కారాలు.

నీ ఉత్తరం మా ఆఫీసులో నలుగురికి చదివి వినిపించాను, ఏమీ అనుకోకు.

ప్రింట్ నొక్కగానే ఒక పెట్టె తెరుచుకుంటుంది కదా, అందులో ప్రింటర్ల పేర్లు వరుసగా ఉంటాయి. మొదటిది నిజం ప్రింటర్ కాదు. కాగితం మీద వేయకుండా పీడీఎఫ్ అనే ఇంకో ఫైలు చేసి కంప్యూటర్లోనే దాస్తుంది. నీ అర్జీలు ఇప్పుడు అందులో పదకొండు ఉండి ఉంటాయి. నీ ప్రింటర్ మీద ఏ పేరుందో చూసి, వరుసలో ఆ పేరే ఎంచుకో.

ఏ ఫైలుకైనా పద్ధతి ఇదే. కాకపోతే అర్జీ ఒక అప్లికేషన్లో తెరుచుకుంటుంది, పట్టిక ఇంకోదాంట్లో, ఫొటోలు వేరేదాంట్లో. ఒక్కోదాంట్లో ఆ పెట్టె ముఖం ఒక్కోలా ఉంటుంది, కంగారు పడకు. పట్టిక మాత్రం బాగా వెడల్పు కాబట్టి ప్రింట్ చేసేముందు అడ్డంగా పెట్టుకో. ఇది మరిచిపోవద్దు.

నీ చిట్టి

తా.క.: పేజీల దగ్గర 3 వేస్తే మూడో పేజీ వస్తుంది. కాపీల దగ్గర 3 వేస్తే మూడు సెట్లు వస్తాయి. ఆ రెండు గళ్లూ పక్కపక్కనే ఎందుకు పెట్టారో నన్నడక్కు.

*

పదకొండో తేదీ

చిట్టికి దీవెనలు.

నీ తాజాకలం చదవకముందే ప్రింట్ నొక్కాను. మూడు పేజీలు కావాలి కదా అని రెండు చోట్లా 3 వేశాను. "ఇట్లు, తమ విధేయురాలు" అనే ఆఖరి పేజీ మూడుసార్లు వచ్చింది. దేనికి విధేయురాలినో ఒక్కదానిమీదా లేదు. తరువాత సరిచేసుకున్నాను. అర్జీ తయారైంది.

పట్టిక దగ్గరికి వచ్చాక, నువ్వు మరిచిపోవద్దన్నావు కాబట్టి ప్రింటర్‌ను అడ్డంగా పెట్టాను. ఒక్కదాన్నే పడుకోబెట్టలేక పక్కింటి దర్జీని పిలిచాను.

"ఇలా పడుకోబెడితే దానికి ఊపిరాడుతుందా అక్కా?" అన్నాడు.

"మా వాడు పుస్తకాలు రాస్తాడయ్యా, వాడికి తెలీదా?" అన్నాను.

సిరా కారి అతను ఎవరికో కుడుతున్న తెల్లచొక్కా నీలమైంది. మళ్లీ నిలబెట్టి నొక్కితే నూట ముప్పై ఎనిమిది కాగితాలు వచ్చాయి. పిల్లల పేర్లన్నీ మొదటి నలభై ఆరింటి మీద. తేదీలు, బరువులు తరువాతి నలభై ఆరింటి మీద. తల్లులు చిట్టచివర. నా సర్వీసులో ఒక్క బిడ్డనీ తల్లికి దూరం చేయలేదు. ఈ యంత్రం ఒక్క మధ్యాహ్నంలో రెండువేల నూట పద్నాలుగు మందిని విడదీసింది. దర్జీ, నేను జిగురు పట్టుకుని నేలమీద కూర్చున్నాం. అంటించడానికి రెండు రోజులు పట్టింది.

నీ పిన్ని

తా.క.: పదిహేడో కాగితం ఒక వరుస కిందికి జారి అంటుకుంది. దాంతో నలభై మందికి పైగా పిల్లలు పక్కవాళ్ల తల్లుల దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్లలో దర్జీ ఒకడు.

*

పదిహేనో తేదీ

పిన్నికి నమస్కారాలు.

అడ్డంగా పెట్టమన్నది ప్రింటర్‌ని కాదు, పేజీని! పెట్టెలోనే నిలువు, అడ్డం అని రెండు బొమ్మలుంటాయి. అడ్డం బొమ్మ నొక్కు. దానికిందే "అన్ని కాలమ్‌లూ ఒకే పేజీలో" అని ఉంటుంది, అదీ ఎంచుకో. పిల్లలూ తల్లులూ కలిసే వస్తారు. కాగితం ఎలా వస్తుందో పక్కనే బొమ్మ కనిపిస్తుంది. అది చూసి నచ్చితేనే ప్రింట్ నొక్కు.

ఫొటోలకు కుడిపక్క వరుసలో "కాగితానికి నాలుగు" ఎంచుకో. కింద "కాగితం నిండా" అన్నచోట టిక్కు తీసెయ్. లేకపోతే తలలు తెగుతాయి.

దర్జీగారికి నా తరఫున క్షమాపణ చెప్పు.

నీ చిట్టి

తా.క.: మా పుస్తకం నలభై రెండో పేజీలో కూడా "అడ్డంగా పెట్టండి" అనే ఉంది. రాసింది నేనే. ఫిర్యాదుల ఫైలు తీయించి చూశాను. ప్రింటర్ పడుకోబెట్టినవాళ్లు నీతో కలిపి ఏడుగురు.

*

ఇరవయ్యో తేదీ

చిట్టికి దీవెనలు.

పట్టిక అరవై ఏడు కాగితాల్లో చక్కగా వచ్చింది. ప్రతి బిడ్డా తల్లి పక్కనే. ముందే బొమ్మ కనిపిస్తుందని మొదటి ఉత్తరంలోనే చెప్పొద్దూ? స్కానింగ్ యంత్రం గదిలో పెట్టుకుని నన్ను చేత్తో తడిమి చూసుకోమన్నట్టుంది నీ వరస.

ఫొటోల్లో కాగితానికి నాలుగు అంటే కాపీలు నాలుగనుకున్నాను. ఒకే పాప నాలుగుసార్లు వచ్చింది. అలా చూపిస్తే ఆ తల్లి ఒక్క కాన్పులో నలుగుర్ని కన్నదనుకుంటారు. ఇప్పుడు అదీ సరైంది. మూడు కట్టలూ దారంతో కట్టి బీరువాలో పెట్టాను.

నీ పిన్ని

తా.క.: దర్జీకి వాళ్లమ్మ తిరిగి వచ్చింది. కొత్త కాగితం చూపిస్తే ఆ వరుస చదివి, మళ్లీ చదివాడు. ఆవిడ పోయి పదేళ్లయింది. ఆ ఒక్క పేజీ ఇంకో కాపీ తీసిచ్చాను. ఈసారి పేజీల గడిలోనే అంకె వేశాను.

*

ఇరవై తొమ్మిదో తేదీ

పిన్నికి నమస్కారాలు.

ఇరవై ఏడు దాటి రెండు రోజులైంది. ఏమైంది? ఫోన్ చేస్తే "సరే సరే, పెట్టేయ్" అంటావు, ఏం విన్నావో తెలీదు. వెంటనే రాయి.

నీ చిట్టి

*

ఒకటో తేదీ

చిట్టికి దీవెనలు.

విచారణ ఆసుపత్రి మేడమీది పొడవాటి గదిలో జరిగింది. పై ఆఫీసు నుంచి వచ్చినాయన నా మూడు కట్టలనీ మర్యాదగా పక్కన పెట్టాడు. ఒక్కటీ విప్పలేదు.

"మీ సేవని కాదనడం లేదమ్మా. కానీ ఇవన్నీ పాత కాన్పులు. నెలనెలా మీ ఆసుపత్రి పంపిన నివేదికలు ఇవిగో, మీరే చూడండి," అని పద్నాలుగు కాగితాలు నా ముందుకు తోశాడు.

ప్రతి కాగితం మీదా నెల, వార్డు పేరు, మంచాలెన్ని, నర్సులెందరు అని ఉంది. కాన్పులెన్ని అనేది ఎక్కడా లేదు. లేదు కాబట్టి సున్నా అనుకున్నారు వాళ్లు. కళ్లజోడు సర్దుకుని కుడి అంచు చూశాను. గడి మధ్యలో తెగిపోయి ఉంది. అలాంటి తెగిన గళ్లకే నేను రెండు రోజులు జిగురు రాశాను.

"దీని పక్క కాగితం ఏదండీ?" అన్నాను.

వెనక బెంచీ నుంచి గుమాస్తా లేచాడు. ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి నివేదికలు పంపేది అతనే.

"ప్రింట్ కొట్టినప్పుడల్లా ఇంకో కాగితం వస్తుందమ్మా. దానిమీద పేరూ ఊరూ ఉండవు, మూల ఒక అంకె మాత్రం ఉంటుంది. ప్రింటర్ పొరపాటున కక్కిందనుకుని చించేసేవాణ్ని."

"ఏ అంకె ఉండేది నాయనా?"

"ఒకసారి పంతొమ్మిది. ఒకసారి ఇరవై మూడు..." అంటూనే నోరు నొక్కుకున్నాడు.

అందరం మేడ దిగి గుమాస్తా గదిలోకి వెళ్లాం. అతని కుర్చీలో నేను కూర్చున్నాను. పేజీ అడ్డం చేసి, కాలమ్‌లన్నీ ఒకే పేజీలో పెట్టి, బొమ్మ చూసి, ప్రింట్ నొక్కాను. పద్నాలుగు నెలలవీ వచ్చాయి. రెండువందల తొంభై ఒక్క కాన్పులు.

పై ఆఫీసాయన వాటిని రెండుసార్లు తిరగేశాడు. "ఇంకా తొమ్మిది ఆసుపత్రుల నుంచి మాకు ఇలాంటి నివేదికలే వస్తున్నాయి," అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. గుమాస్తా ఏడుస్తున్నాడు. తిట్టబుద్ధి కాక పక్కన కూర్చోబెట్టుకుని ఇంకోసారి చేసి చూపించాను.

వార్డు ఉంటుంది చిట్టీ.

నీ పిన్ని

తా.క.: ఉత్తర్వు అక్కడికక్కడే టైపు చేయించి, ప్రింట్ తీయించి, నోటీసు బోర్డుకి అంటించమని చెప్పి ఆయన వెళ్లాడు. మర్నాడు పొద్దున వెళ్తే నర్సులు కళ్లు తుడుచుకుంటూ పసిపిల్లల తొట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి తాళ్లు కడుతున్నారు. బోర్డు దగ్గరికి వెళ్లి చూశాను. "ఈ ఆసుపత్రిలోని కాన్పుల వార్డును తక్షణమే మూసివేయవలెనని" అన్నచోట పేజీ అయిపోయింది. "చేసిన ప్రతిపాదనను రద్దు చేయడమైనది" అనే ముక్క రెండో పేజీలో పడి, ప్రింటర్ దగ్గరే ఉండిపోయింది. తెచ్చి కింద అంటించి, తాళ్లు విప్పించాను. మధ్యాహ్నానికి ఒక తొట్టె నిండింది.