పట్టు ఉడికిన నీళ్లు

1938 మార్చి 10, గురువారం

పెరటి బావిలో నీళ్లు దిగి ఏడో రాతివరస బయటపడింది. నాయన మగ్గం మీద నుంచే చెప్పాడు. “బాయిలో నీళ్లుండే దినాలు బడికి పో. అయిపోతే స్టేషనుకు బిందె ఎత్తుకోవాల్సిందే. మీయమ్మకు ఎనిమిదో నెల, చూస్తాండావు గదా.” నాయన మగ్గం దిగితే ఆ పూటకు కూడు లేదు.

థర్డ్ ఫారం పరీక్ష ఏప్రిల్ 11. ఇంకా ముప్పై రెండు రోజులు. అప్పుడే ఏడు వరసలు తేలాయి...

మార్చి 12, శనివారం

నిన్న అయ్యవారు నల్లబల్ల మీద రాసిన మాట — మితవ్యయం. ఎంత బాగుందో! నోట్లో పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. బియ్యం కడిగిన నీళ్లు బీరపాదుకు. స్నానం నీళ్లు అరటికి. కాళ్లు కడగడానికి ఒకే చెంబు.

అవ్వ: “ఇంగ ఏడ్చినా కన్నీళ్లు గిన్నెలో పట్టమంటాదేమో ఈ పాప!”

మార్చి 15, మంగళవారం

జిగురు వదలడానికి నాయన పట్టు ఉడకబెట్టాడు. సోడా, సబ్బు వేసిన నీళ్లు, ఐదు బిందెలు. ఎప్పుడూ వీధి దాటి గుంతలో పారబోసేవే. నేను అడ్డం పడ్డాను.

“ఇవి దేనికి పనికొస్తాయే?”

“బావి పక్క నిమ్మచెట్టుకు.”

నాయన చేతిలో తడి పట్టు, తొందర. “పోసుకో పో.”

చెట్టుకని ఇక చేద వేయక్కర్లేదు. ఎవరికీ తట్టనిది నాకు తట్టింది!

మార్చి 19

ఎనిమిదో వరస ఇంకా నీళ్లలోనే.

మార్చి 24, గురువారం

మూడోసారి పోశాను. నిమ్మాకులు అంచుల్లో పసుపుబారాయి. దిష్టి అంది అవ్వ. కొమ్మకు ఎండుమిరపకాయ కట్టింది.

మార్చి 28, సోమవారం

నిన్న నాలుగోసారి. ఈ పొద్దున అమ్మ నోట్లో పోసుకుని ఉమ్మేసింది. “ఈ నీళ్లేంది, జారుడుగా ఉండాయి?”

నాయన వేళ్ల మధ్య రుద్ది చూశాడు. పుట్టినప్పటి నుంచీ పట్టు ఉడకబెట్టిన చేతులు. “సోడా.” చెట్టు మొదలు చూశాడు, బావి చూశాడు. మధ్యలో రెండు మూరలు. అంతా లోపలికి ఊరింది.

“ఎన్ని తూర్లు పోసినావు?”

“నాలుగు.”

“నేనే గదా పోసుకోమన్నా.”

అరిచి ఉంటే బాగుండేది.

మార్చి 29, మంగళవారం

బడి లేదు, నాకు. బిందెతో రైలు స్టేషనుకు. పది గంటల ప్యాసింజరు ఇంజను నీళ్లు తాగి పోయాక గొట్టం కాసేపు కారుతుంది. దాని కింద ఇరవై మంది ఆడవాళ్లు. ఎదురింటి రంగమ్మత్త: “ఏమ్మే థర్డుఫారం, బిందెను ఇంగ్లీషులో ఏమంటారు?” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పది గంటలకు బళ్లో పద్యాలు.

ఏప్రిల్ 2, శనివారం

నాయన బావి తోడేశాడు. చెంబు చెంబుగా నేను మిగిల్చిన నీళ్లన్నీ — వీధి గుంతలోకి. అడుగు బురద కనబడింది. సాయంత్రానికి నాలుగు వేళ్ల ఊట. రుద్ది చూశాను.

జారుడు.

ఏప్రిల్ 6

పుస్తకం తెరిచాను. అదే పేజీ మీద నిద్రపోయాను. మెడ తిప్పలేను.

ఏప్రిల్ 10, ఆదివారం, సాయంత్రం

రేపు పరీక్ష. పది గంటలకు. ప్యాసింజరూ పది గంటలకే. కుండలో నీళ్లు ఒక పూటకు ఉన్నాయి, అంతే. పొరుగింట్లో అడిగితే — “మాకే లేవమ్మా...” అమ్మ కాళ్లు వాచాయి.

అవ్వ అంది, “నేను పోతాలే, పాప పరీక్ష రాసుకోనీ.”

“నువ్వా? బిందె నిన్ను మోసుకొస్తాది.” అమ్మ నవ్వబోయి ఆగింది. అవ్వ గోడ పట్టుకుంటే గానీ లేవలేదు.

నాయన పొమ్మనలేదు. వద్దనలేదు. అడగడానికి నాకు నోరు రావడం లేదు. ఇన్ని మాటలు నేర్చుకుని...

ఇది రాస్తుంటే మగ్గం ఆగింది. పిలుస్తాడేమో అని తలెత్తాను.

తెగిన పోగు ముడేసుకున్నాడు. మళ్లీ నేస్తున్నాడు.