ఉప్పు చూడమని అడగవలెనని మనవి

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఆడవారి వార్డులో కిటికీ పక్క మంచం మీదున్న నా భార్యకు రేపు ఉదయం ముక్కులో గొట్టం వేయుటను ఒక్కరోజు ఆపించుట గురించి.

తాళాలు బాగుచేసుకుని బతికే నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. పక్షవాతం వల్ల నా భార్యకు కుడిచెయ్యి, మాట పడిపోయినవి. తెలివికి ఏ లోటూ రాలేదు. తమ డాక్టరుగారే కాగితం మీద అలా రాసిరి. ఆ కాగితం వార్డులో ఎవరూ చదివినట్లు లేదు.

2. సదరు వార్డు నర్సమ్మలు అరవై దాటిన మనిషిని "చిట్టితల్లీ" అని పిలుచుచున్నారు. చెంచా పట్టుకుని "ఆ... నోరు తెరువు బంగారం, బుజ్జివి కదూ" అందురు. ఒక చెంచా మింగితే చుట్టూ చేరి చప్పట్లు కొట్టుదురు. వారు చెడ్డవారు కారు. తిట్టి ఉంటే నయమయ్యేది. తిడితే ఆవిడ ఒక చూపు చూసేది, ఆ చూపు ముందు ఇన్నేళ్లలో నేనే నిలవలేకపోయాను. ముద్దు చేస్తే ఏం చేస్తుంది చెప్పండి? నోరు మూసుకుంది.

3. నా భార్య ఒక ఆడపిల్లల హాస్టలు వంటశాలకు పెద్ద. అరచేతిలో చుక్క వేసుకుని ఉప్పు చూసి, ఆవిడ తల ఊపితేనే గిన్నె పొయ్యి దిగేది. ఏ పిల్లనీ తినమని బతిమాలలేదు. "పెట్టడం వరకే మన పని. వెంటపడితే ఆకలి సిగ్గుపడుతుంది" అనేది.

4. రోగి తిననని మొండికేయుచున్నదని, గొట్టం వేయవలెనని రాసుకున్నారు. ఆకలి లేదంటోందా అని డాక్టరుగారు నన్నడిగిరి. ఆవిడ అక్కడే ఉంది. ఆవిడనే అడగవచ్చును.

5. నిన్న సాయంత్రం నేను జావ పట్టుకుని, "ఉప్పు సరిపోయిందో లేదో కాస్త చూస్తావా" అన్నాను. నావైపు చూసింది. నోరు తెరిచింది. మింగి, ఎడమచేతి వేళ్లు కలిపి ఇంకో చిటికెడు వేయమంది. నిజమే, తక్కువే. వేశాక ఇంకా తాగింది. ఇంతలో చూడవచ్చేవారి వేళ అయిపోయిందని బెల్లు కొట్టి నన్ను బయటికి పంపేశారు.

కావున తమరు దయతో గొట్టం ఆపించి, చప్పట్లు మాన్పించి, పూటపూటా ఆవిడను ఉప్పు చూడమని అడిగించవలెను. జావలో ఉప్పు కొంచెం తక్కువే వేయించవలెను, ఆవిడకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి గదా.

మాట లేని మనిషి మాటగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కిటికీ పక్క మంచం ఆవిడ భర్త

తా.క.: ఈ అర్జీ ఇవ్వబోయే ముందు ఇవాళ కూడా జావ పట్టుకెళ్లాను. ఉప్పు చూసింది. చాలిందని తల ఊపింది, వెనకటిలాగే. గిన్నెలో సగం తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏం చేస్తున్నానో తెలియక చప్పట్లు కొట్టేశాను.

నోరు మూసుకుంది. మళ్లీ నావైపు తిరగలేదు.

రెండో అంశంలో నన్ను కూడా చేర్చుకోండి. రేపు ఉప్పు అడగడానికి నర్సమ్మల్లో ఎవరినైనా పంపండి. నేనడిగితే ఇంక నమ్మదు.