పిల్లల వార్డులో డ్యూటీ

కూకట్‌పల్లి,
అక్టోబరు 1998

ఆసుపత్రి పరిపాలనాధికారి సుబ్రహ్మణ్యం గారికి, స్టాఫ్ నర్సు వాసంతి నమస్కారాలు.

మీరు కొత్తగా వచ్చారు కనుక నన్నెరగరు. బాలానగర్‌లోని మన పాత ఆసుపత్రిలో పిల్లల వార్డు చూసేదాన్ని. మదీనాగూడ దగ్గర లారీ గుద్ది కాళ్లు పడిపోయాయి. చేతులకూ నోటికీ ఏమీ కాలేదు. డ్యూటీకి పనికొస్తానని డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ జతచేశాను. హైటెక్ సిటీ పక్కన కట్టిన కొత్త ఆసుపత్రిలో నా పిల్లల వార్డు నాకిప్పించండి.

ఇట్లు,
వాసంతి

తా.క. ముందువైపంతా మెట్లే. చక్రాల కుర్చీ పట్టే దారి వెనక శవాల గదికొక్కదానికే ఉంది. మొన్న అటునుంచే వచ్చి చూసి వెళ్లాను. బతికుండి వచ్చినందుకు కాపలా ఆయన కాస్త నొచ్చుకున్నాడు.

*

శ్రీమతి వాసంతి గారికి,

సర్టిఫికెట్ చూసి బాధపడ్డాను. మీ కాళ్ల సంగతి మా డాక్టర్లు చూసుకుంటారు. సోమవారం పరగడుపున రండి. పిల్లల వార్డు మీ వయసుకు కుదరదు. ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం ఇప్పిస్తాను.

మీ ఆరోగ్యం కోరే,
సుబ్రహ్మణ్యం

తా.క. ఒంట్లో బాగాలేనప్పుడు మీరే ఉత్తరాలు రాయడమెందుకు? ఇంట్లో పెద్దవారితో రాయించండి.

*

సుబ్రహ్మణ్యం గారికి నమస్కారం.

నేనడిగింది మంచం కాదండీ, ఉద్యోగం. ఆ మాట ఎదురుగా చెబుదామని సోమవారం వస్తే, వార్డుబాయ్ మొగిలి నా కుర్చీ తోసుకుంటూ ఎక్స్‌రేకి తీసుకుపోయాడు. నేను నర్సునని మొత్తుకున్నాను. "గట్లనే అంటరమ్మా. జర కదలకుండ కూసో" అన్నాడు. మిమ్మల్ని కలవకుండానే సాయంత్రమైంది. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. రోగినైనా అడిగి ముట్టుకోవాలని మాకు నేర్పారు.

ఇట్లు,
ఏ జబ్బూ లేని వాసంతి

తా.క. గేటు దగ్గర నా సొంత కుర్చీని ఆసుపత్రిదన్నారు. నయమైంది కదా, ఇక్కడ వదిలేసి నడిచి వెళ్లమన్నారు.

*

సోదరి వాసంతి గారికి,

పొరపాటు తెలిసింది. మీ ధైర్యం గురించి విని యాజమాన్యం కళ్లు తుడుచుకుంది. అయితే నర్సే చక్రాల కుర్చీలో కనిపిస్తే రోగులు బెదిరిపోతారు కనుక ఉద్యోగం కుదరదు. బదులుగా డిసెంబరు మూడున, వికలాంగుల దినోత్సవం నాడు, మీకు శాలువా కప్పుతాం. బొంబాయి నుంచి సాఫ్ట్‌వేరు కంపెనీ వాళ్లు వస్తున్నారు. పట్టుదల గురించి రెండు ముక్కలు మాట్లాడండి.

మీ అభిమాని,
సుబ్రహ్మణ్యం

తా.క. సభ మేడ మీద. లిఫ్టు ఆ రోజు అతిథులకు. మిమ్మల్ని మోయడానికి నలుగురిని మాట్లాడాం.

*

సుబ్రహ్మణ్యం గారికి,

నలుగురూ మోసే రోజు నాకూ వస్తుంది, మీరు తొందరపడకండి. సూది వేసేది చేత్తో, నాడి చూసేదీ చేత్తోనే. నాకు ఆ పని కావాలి. అది లేకుండా ఇంట్లో కూర్చోలేక చస్తున్నాను. డిసెంబరు మూడున మా వికలాంగుల సంఘమంతా చక్రాల కుర్చీల్లో మీ గేటు ముందు ధర్నా చేస్తుంది. ర్యాంపూ ఉద్యోగమూ ఇస్తేనే లేస్తాం.

ఇట్లు,
శాలువా అక్కర్లేని వాసంతి

తా.క. లేస్తాం అన్నది మాటవరసకు.

*

వాసంతి గారికి,

మీ ధర్నా మాకు కలిసొచ్చింది. గేటు ముందు అన్ని కుర్చీలు చూసి, ఇంత రద్దీ ఉందంటే వైద్యం మంచిదేనని అతిథులు నమ్మారు. వారికి తెలుగు రాదు. నినాదాల సంగతి అడిగితే, టోకెన్ల కోసం అరుస్తున్నారని చెప్పాను. తమ ఉద్యోగులందరి వైద్యం మాకే అప్పగించారు.

కాబట్టి ర్యాంపు వేయించాం. మీకు ఉద్యోగమూ ఖాయమైంది. రోజూ ముందు హాల్లో రోగిలా కూర్చోవాలి. జీతం నర్సుకంటే ఎక్కువే. కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు కాస్త నీరసంగా కనిపిస్తే చాలు.

కృతజ్ఞతలతో,
సుబ్రహ్మణ్యం

తా.క. ధర్నా నాడు జ్వరంతో ఏడుస్తున్న పిల్లాణ్ణి మీరు ఒళ్లో పెట్టుకుని ఊరుకోబెట్టారట. వాళ్లమ్మ రోజూ వచ్చి "కుర్చీల కూసునే నర్సమ్మ ఏది" అని అడుగుతోంది. అలాంటి నర్సు ఇక్కడ లేదని చెప్పి పంపుతున్నాం. ఆమె ఎదురుపడితే మీరూ అదే చెప్పండి.