ఎడమ చెవి సంగతి చెప్పేశాను

హిల్డెస్‌హైమ్, 14 అక్టోబరు 1952

ఓటిలీ అక్కకు, ఉద్యోగం ఖాయమైంది, ఇక నిశ్చింతగా ఉండు.

యుద్ధంలో ఎడమ చెవి పోయిన సంగతి దాచమని మరీ మరీ చెప్పావు. నావల్ల కాలేదు. నిన్న ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, గాయక బృందం అధ్యక్షురాలు మెర్టెన్స్ గారితో, "నాకు ఎడమ చెవి వినపడదండీ. ఎనభై మంది చేత పాడించేవాణ్ణి, ముందే చెప్పడం న్యాయం" అన్నాను. ఆవిడది మాంసం కొట్టు, మాట కటువు.

"మొన్న మీరు పరీక్షకొచ్చి మాచేత పాడించిన రోజే తెలిసింది లెండి. అస్తమానం కోడిలా మెడ తిప్పుతుంటే తెలీదా? అందుకే శ్రుతి తప్పేవాళ్ళందర్నీ మీ ఎడమ పక్కకి మార్చేశాం. మా ఆయనా అక్కడే. పాపం, ఇకనైనా హాయిగా పాడుకుంటాడు" అన్నారు.

నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఎనిమిదేళ్ళ బరువు దిగింది. పట్టణ సంగీత కచేరీల కార్యాలయం కూడా నాకే అప్పగించారు. పగలు ఉత్తరాలు, హాళ్ళ ఏర్పాట్లు, సాయంత్రం పాట.

నల్ల కోటు, పెట్టె అడుగునున్న స్వరాల పుస్తకాలు వెంటనే పంపు. బావ దగ్గు తగ్గిందా? చలికాలానికి బొగ్గు దొరికిందా?

బావకు నమస్కారాలు, అన్నెగ్రేట్‌కు ముద్దులు. అమ్మకు చూపు ఆనదు కదా, ఈ కార్డు నువ్వే చదివి వినిపించు. చెవి సంగతి వచ్చిన చోట ఆగకు. ఇప్పుడు అమ్మకు తెలిసినా ఫరవాలేదు.

నీ తమ్ముడు,
విల్‌ఫ్రీడ్