ఆ చివరి రీలును నేను నమ్మను

కాలవ క్యాంపు,
కప్పగల్లు దగ్గర, బళ్లారి జిల్లా

అన్నయ్యకు చెల్లెలు రాజ్యం పాదాలకు మొక్కి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ బావా, నీ మేనల్లుడూ బాగానే ఉన్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా, వదినకు దగ్గు నిమ్మళించిందా, రాయి. మా గురించి బెంగపెట్టుకోవద్దని అమ్మకు చదివి వినిపించు.

కాలవకు నీళ్లు వచ్చాయి, నాట్లు అయ్యాయి. ఎండలు మాత్రం మన కృష్ణ ఒడ్డున ఎరగనివి. జొన్నరొట్టె తట్టడం నేర్చుకున్నాను. మాట్లాడదామంటే మనవాళ్లు క్యాంపులో నలుగురే. ఒంటరిగానే ఉంటుంది, అబద్ధమెందుకు.

నీ ఉత్తరం అందింది. ఆ మూగ గొల్లవాడి సినిమా అక్కడ నువ్వూ చూశావన్నమాట. భయం తగిలితే వాడిలాగే, ఏడేళ్లొచ్చినా ఒక్క మాట లేని మన సూరికీ నోరు వస్తుందనీ, తీసుకొస్తే వాత పెట్టిద్దామనీ రాశావు. తీసుకురాను. నీకు కోపం వచ్చినా సరే, ముందే చెప్పేస్తున్నాను.

ఆ సినిమా మా క్యాంపుకీ డేరాలో వచ్చింది. ఆ గొల్లవాడు ఎవరి కళ్లలోకీ చూడడు. డప్పు మోగితే చెవులు మూసుకుంటాడు. విరిగిన బండి చక్రం ముందు కూర్చుని తిప్పుతూనే ఉంటాడు. మన సూరీ అచ్చం ఇంతే, అన్నయ్యా. ఎవరో సూరిలాంటి బిడ్డను దగ్గరగా చూసి తీశారు. వాడి మౌనంలో పగ లేదు, దుఃఖం లేదు, శాపం లేదు. వాడు అలా ఉంటాడు, అంతే. పక్కనున్న మా ఆడపడుచు మాత్రం, "చిన్నప్పుడు గుండె పగిలి ఉంటుంది, అందుకే మాట పడిపోయింది" అంటూ కళ్లొత్తుకుంది. చివరి రీలులో ఆ గొల్లవాడి వదిన నీళ్లలో పడగానే వాడు "వదినా" అని అరిచాడు. డేరా అంతా ఈలలు. నాకు ఒళ్లు మండింది. అంతసేపూ నిజం చూపించి, జనం తృప్తిగా ఇంటికి పోవాలని చివర అబద్ధం అతికించారు.

ఆ అబద్ధం ఏం చేసిందో విను. మర్నాడు సూరి తూము దగ్గర కూర్చుని నీళ్ల సుడి చూస్తుంటే, మా ఆడపడుచు వెనకనుంచి టపాకాయల సరం వెలిగించింది. వాడు చెవులు మూసుకుని కాలవలోకి దూకేశాడు. కప్పగల్లు రైతు హనుమప్ప మడికి నీళ్లు కట్టుకుంటూ అక్కడే ఉండబట్టి బయటికి లాగాడు. ఆమెకు గట్టిగానే చీవాట్లు పెట్టాడు.

"ఏందమ్మా నువ్వు చేసింది? యాడన్నా బెదిరిస్తే మాట వస్తాదా? వానికి బాగా ఇనబడతాండాది, మనకంటే ఎక్కువే ఇనబడతాండాది. సుమ్నె వదిలేయండి."

సుమ్నె అంటే ఊరికే అని, ఇక్కడి కన్నడ మాట.

చాలా రోజులు సూరి తూము వైపు పోలేదు, అన్నం సరిగా తినలేదు. అప్పుడు బళ్లారి గాంధీనగర్‌లో ఒక డాక్టరమ్మకు చూపించాం. మనసు జబ్బుల చదువు చదివిందావిడ. వాడు నేల మీద గ్లాసు తిప్పుకుంటుంటే చాలాసేపు చూసి, దీనికి ఇంగ్లీషులో ఆటిజం అని కొత్తగా పేరు పెట్టారంది. "తల్లి ప్రేమగా ఎత్తుకోకపోతే బిడ్డ ఇట్ల లోపలికి ముడుచుకుంటాడని పుస్తకాల్లో రాసుండారమ్మా" అని మెల్లగా చెప్పింది.

నేను లేచి నిలబడ్డాను. "ఎత్తుకుంటే ఏడుస్తాడమ్మా. అయినా ఎత్తుకున్నాను. ఆ రాసినాయన ఒక్క పూటైనా మా ఇంట్లో ఉన్నాడా?" అన్నాను.

ఆవిడ నొచ్చుకోలేదు. "నాకూ పూర్తిగా నమ్మకం లేదమ్మా. భయపడేది దూరం పెట్టండి, ఇష్టపడేది దగ్గర పెట్టండి. మాట వస్తాదో రాదో నేను చెప్పలేను" అంది. ఆ పేరొక్కటి పుచ్చుకుని, నిందను అక్కడే వదిలేసి వచ్చాను.

కాబట్టి వాతల మాట ఇక ఎత్తకు. ఏదైనా పంపాలనుంటే మన పెరట్లో వాడకుండా పడి ఉన్న నూతి గిలక పంపు. ఇక్కడ దూలానికి కట్టిస్తాను, వాడు తిప్పుకుంటాడు. నువ్వే తెస్తే మరీ సంతోషం. వాడి పక్కన కూర్చో, మాట్లాడమని మాత్రం అడగకు.

అమ్మకు, వదినకు, బాబాయికి నా నమస్కారాలు. మీ బావ అందరినీ అడిగానని రాయమన్నారు. మీరంతా నన్ను దీవించాలి.

పోయిన ఉత్తరంలో సూరి నమస్కారం లేదేమని అడిగావు. పిల్లల పేరున నమస్కారాలు పెద్దవాళ్లే రాస్తారు, ఇంతకాలం నేనూ రాశాను. ఇక రాయను. వాడు చెప్పనిదాన్ని వాడి నోట పెడితే ఆ సినిమావాళ్లకూ నాకూ తేడా ఏముంది? వాడిప్పుడు నా పక్కనే కూర్చుని సిరాబుడ్డి మూత తిప్పుతున్నాడు. అది వాడు చేస్తున్న పని, అందుకే రాశాను.

నీ చెల్లెలు,
రాజ్యం