ఏడు ల్యాపుల టైరు

మార్చి 3, ఆదివారం

ఆటోక్రాస్ సీజన్ అయిపోయింది. అక్క గెలిచింది. వెనక సీటు నిండా సామాను. కప్పు ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇంటికొచ్చాను. నడుం పడిపోయింది.

మైదానంలో ప్లాస్టిక్ కోన్లు పేర్చి, ఒక్కో కారునీ విడిగా వదిలి, ఎవరు త్వరగా తిరిగొస్తారో చూసే ఆట ఇది. మహా అయితే ఒక నిమిషం. ఆ నిమిషం కోసం ముగ్గురం తెల్లారకముందే లేస్తాం. అక్క నడుపుతుంది. బావ టైము చూస్తాడు, అరుస్తాడు. టైర్లు నా వంతు. అంటే గాలి చూడడం, వేడి కొలవడం, బిగించడం, మోయడం. ముఖ్యంగా మోయడం.

మార్చి 5, మంగళవారం

పొద్దుటినుంచి షాపులో కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీస్తూనే ఉన్నాను. సాయంత్రం బావ ఫోను. అక్కకి ట్రాక్ రేసులో ఎంట్రీ దొరికిందట. నెలాఖరున. పదిహేను ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ పదిహేను చుట్లు, అందరూ ఒకేసారి. మరదలా, ఇంక నిద్ర సంగతి మర్చిపో అన్నాడు. గుర్తుంటే కదా మర్చిపోవడానికి.

మార్చి 9, శనివారం

టైర్ల షాపాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన్ని అందరూ గ్యారంటీ అంటారు, ఏ టైరుకీ గ్యారంటీ ఇవ్వడు కాబట్టి.

స్లిక్కులనే ఈ రేసు టైర్లన్నీ చూడడానికి ఒకటే. నల్లగా, గీతల్లేకుండా, నున్నగా. తేడా అంతా రబ్బరులో. సాఫ్ట్ రబ్బరు వెంటనే వేడెక్కి రోడ్డుని పట్టుకుంటుంది, త్వరగా చస్తుంది. హార్డ్ వేడెక్కడానికే రెండు మూడు ల్యాపులు పడతాయి. అందాకా కారు సబ్బు మీద నడిచినట్టు జారుతుంది. వేడెక్కిందంటే మాత్రం చివరిదాకా నిలబడుతుంది. ఆ రెండింటికీ మధ్యది మీడియం. ఎవరూ మెచ్చుకోరు, అందరూ కొంటారు.

బావ హార్డ్ అన్నాడు. అక్క సాఫ్ట్ అంది, ఆటోక్రాస్‌లో అలవాటైనవి కదా అని. నన్నడిగితే ఇంటికెళ్ళి పడుకుందాం అన్నాను. చివరికి గ్యారంటీ మూడు రకాల్లోనూ వాడిన సెట్లు తీసి, ముందు తిప్పి చూసుకోండమ్మా అన్నాడు. పన్నెండు చక్రాలు. మోసింది ఎవరో రాయక్కర్లేదు.

మార్చి 10, ఆదివారం

ట్రాక్ మీద టెస్టు. సాఫ్ట్. మొదట్లో అద్భుతం. ఎనిమిదో ల్యాపు నుంచి వేగం పడిపోయింది. చెప్పానా, సాఫ్ట్ అంటే ఇంతే అన్నాడు బావ. చెప్పాడు మరి.

మార్చి 16, శనివారం

మీడియం. మళ్ళీ ఎనిమిదో ల్యాపులోనే. నువ్వు గాలి ఎక్కువ పెట్టావు అన్నాడు బావ. పెట్టలేదు. వాదించే ఓపిక లేదు.

మార్చి 17, ఆదివారం

హార్డ్. వెచ్చబడ్డాక కారు పట్టాలెక్కినట్టు పోయింది. ఎనిమిదో ల్యాపు వచ్చింది. మళ్ళీ అదే.

కారు ఆగగానే టైరు వేడి కొలిచాను. అప్పటికి అది చెయ్యి పెడితే కాలిపోయేట్టుండాలి. చల్లారుతోంది. రబ్బరు చిరగలేదు, ఉండలు కట్టలేదు, ఒక పక్కే అరగలేదు. అలిసిపోయింది టైరు కాదు.

అక్క దిగింది. కుడిచేతి గ్లవ్ పళ్ళతో లాగింది. నీళ్ళ సీసాని చంకలో ఇరికించుకుని ఎడమచేత్తో మూత తిప్పింది. బావ కొంచెం దూరంలో ఫోనులో గ్యారంటీతో పోట్లాడుతున్నాడు. అక్క నన్ను చూసింది. నేను టైరుని చూశాను.

మార్చి 18, సోమవారం

ఒకావిడ ఫ్రేముకి ఇంకొకావిడ అద్దాలు బిగించాను. ఆవిడ పెట్టుకుని, ఇప్పుడు ప్రాణం లేచొచ్చిందమ్మా అంది.

మార్చి 19, మంగళవారం. సాయంత్రం ఏడు.

అక్క ఇంటినుంచి ఇప్పుడే వచ్చాను.

చెయ్యి ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది అని అడిగాను. ఏ చెయ్యి అంది. మూడు రకాలు మార్చాం అక్కా, మారనిది నువ్వొక్కదానివే అన్నాను. నిన్ను టైరు చూడమన్నాను గానీ నా చెయ్యి చూడమన్నానా అంది. కారు గోడకి కొట్టుకున్నాక చూడమంటావా అన్నాను. నీకు చేతకాకపోతే చెప్పవే, ఇంకొకళ్ళని పెట్టుకుంటా అంది.

పెట్టుకో అన్నాను. మోసేవాళ్ళు దొరికితే నాకూ చెప్పు, నా బీరువా జరపాలి అన్నాను.

నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

మార్చి 22, శుక్రవారం

ఫోను లేదు. ఒళ్ళునొప్పులూ లేవు. ఏం బాగాలేదు.

మార్చి 25, సోమవారం

బావ షాపుకి వచ్చాడు. అక్కే చెప్పేసిందట. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయింది, బొటనవేలి కింద కండ కూడా తగ్గింది, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు అని డాక్టరు కేకలేశాడట. వచ్చే వారం ఆపరేషన్. రేసు మాటెత్తితే, మీ ఇష్టం, చెయ్యి మీది అన్నాడట.

పక్కనే ఉంటూ చూళ్ళేకపోయాను మరదలా, గాలి ఎక్కువైందని నిన్నన్నాను అంటూ బావ కుర్చీలో కూలబడ్డాడు. చేతిలో ఎవరిదో కళ్ళజోడు తిప్పుతూ ఏడ్చాడు. నువ్వు చెప్తే వింటుంది, మానేయమను అన్నాడు. వినదని ఇద్దరికీ తెలుసు. టీ తెప్పించాను.

మార్చి 28, గురువారం

షాపు మూసే వేళకి అక్క వచ్చింది. సారీ లేదు, ఏం లేదు. ఎనిమిది ల్యాపులకి ఏ టైరు పెడతావు అంది.

నేను షట్టరు కొక్కెం వెతుకుతున్నట్టు నిలబడ్డాను. ఎనిమిదే, ఆ తర్వాత వచ్చేస్తా, మీ బావ మీద ఒట్టు అంది. ఆయన్ని వదిలెయ్, నీ మీద వేసుకో అన్నాను. వేసుకుంది.

ఏడు అన్నాను. బేరమాడుతున్నావేంటే అంది. ఏడే అన్నాను. సరే అంది.

సాఫ్ట్ అన్నాను.

మార్చి 31, ఆదివారం

పొద్దున్న మబ్బు. స్లిక్కులకి గీతలుండవు, నీళ్ళు పోయే దారి ఉండదు. చినుకు పడితే అన్నీ కట్టేసుకుని ఇంటికెళ్ళడమే. పడాలని కోరుకున్నానో, వద్దనుకున్నానో నాకే తెలియదు. పడలేదు.

హార్డ్ వేసుకున్నవాళ్ళు మొదటి మలుపుల్లో తడబడుతుంటే అక్క వాళ్ళ మధ్యనుంచి సూదిలా దూసుకుపోయింది. మూడో ల్యాపుకి ముందుంది. బావ గొంతు పోయేలా అరిచాడు. నేనూ అరిచాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఏడో ల్యాపులో, లోపలికి రమ్మనే బోర్డు పట్టుకుని, కార్లు వచ్చి ఆగే పిట్ గోడ దగ్గర నిలబడ్డాను. అక్క రాలేదు. నా ముందునుంచే వెళ్ళిపోయింది. బావ అరుపు ఆగింది.

ఆ ఒక్క ల్యాపు ఎలా గడిచిందో రాయలేను. చివరి మలుపులో కారు బాగా వెడల్పుగా వచ్చింది, గడ్డి అంచు దాకా. బోర్డు కింద పడేసి చేతులూపాను. కారు పక్కకి తిరిగింది. లోపలికి వచ్చింది. అప్పటికీ అందరికన్నా ముందే ఉంది.

బెల్టు బటన్ నొక్కలేకపోయింది. వంగి నేనే నొక్కాను. హెల్మెట్ లోంచి, ఇందాక నువ్వు కనబడ్డావే, కనబడనట్టు పోయాను అంది. తెలుసు అన్నాను.

టైర్లు పోయాయండీ అని బావ వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. గ్యారంటీ వచ్చి వంగి టైరు మీద అరచెయ్యి పెట్టాడు. నా ముఖం చూశాడు. అవునవును, పూర్తిగా పోయాయి అన్నాడు.

ఏప్రిల్ 3, బుధవారం

ఆపరేషన్ అయింది. మత్తు పూర్తిగా దిగకముందే అక్క కళ్ళు తెరిచి, బయట వాన పడుతోందా అని అడిగింది. లేదన్నాను. అయితే ఈ టైర్లే ఉంచు అంది.